చచ్చినవాడు సోడా తాగిన కేసు

కరాళకేతుడు ముప్పై ఒక్క ఏళ్లుగా హత్యలు చేస్తున్నాడు. ప్రదర్శనకు పన్నెండు. రాజును విషంతో, రాజగురువును కత్తితో, మిగిలిన పదిమందిని తెర వెనక. ఇన్నేళ్లలో అతని మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఫిబ్రవరి రెండో తారీఖున బొబ్బిలిలో అతను సోడా తాగాడు. గొడవ అక్కడ మొదలైంది.

‘కుంజరదుర్గ విజయం’ పద్యనాటకం. అందులో కరాళకేతుడు సేనాపతి. ఆఖరి రంగంలో కథానాయకుడు మణిధరుడు అతన్ని పొడుస్తాడు. కరాళకేతుడు పడిపోతూ ఒక పద్యం పాడి ప్రాణం విడుస్తాడు. పద్యనాటకాలు చూసే జనానికి పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అంటారు. అన్నారంటే మళ్లీ పాడాలి. చచ్చినవాడైనా లేచి పాడి, మళ్లీ చావాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు. చట్టాన్ని తప్పించుకున్నవాళ్లున్నారు గానీ దీన్ని తప్పించుకున్న నటుడు లేడు.

ఆ రోజు బొబ్బిలి జనం రెండుసార్లు అన్నారు. అంటే కరాళకేతుడు మొత్తం మూడుసార్లు చచ్చాడు. రెండో చావుకీ మూడో చావుకీ మధ్య అతని గొంతు ఎండిపోయింది. హార్మోనియం వాయించే ఆయన పక్కన గోళీసోడా ఉంది. శవం చెయ్యి చాపి అది అందుకుని, రెండు గుక్కలు తాగి, మీసం తుడుచుకుని, పాడి, చచ్చింది.

ఎవరో దాన్ని ఫోనులో తీశారు. ఆ ముక్క ఘంటారావం టీవీకి చేరింది.

ఘంటారావం టీవీలో సాయంత్రం చర్చ నడిపేవాడు ధీరజ్ క్రాంతి. ‘చచ్చినవాడు సోడా తాగవచ్చా?’ అని మొదటి రోజు అడిగాడు. రెండో రోజు, ‘తాగిన సోడా ఎవరిది?’ అన్నాడు. మూడో రోజుకి నాటకం మొత్తం తెప్పించుకుని చూశాడు. విషపాత్ర మీద లేబుల్ లేదన్నాడు. కరాళకేతుడు గుర్రం మీద వస్తూ హెల్మెట్ పెట్టుకోలేదన్నాడు. అతని నవ్వు నలభై ఒక్క సెకన్లు, తొంభై నాలుగు డెసిబెల్స్ అనీ, వేదికకు వంద మీటర్లలోపు ఆసుపత్రి ఉందనీ పటం గీసి చూపించాడు. హత్యల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు ఒక ప్రేక్షకుడు ఫోన్ చేసి, “మరి పన్నెండుమందిని చంపాడు కదండీ?” అన్నాడు. “దయచేసి చర్చను పక్కదారి పట్టించకండి” అన్నాడు ధీరజ్.

ఐదో రోజు కల్పిత పాత్రల ప్రవర్తనా పర్యవేక్షణ మండలి ఈ వ్యవహారాన్ని తనంత తానుగా చేపట్టింది. మండలి పెట్టి రెండేళ్లయింది. అప్పటివరకూ దాని ఖాతాలో ఉన్న విజయం ఒక్కటే. ఒక సీరియల్లో అత్తగారు లైసెన్సు లేని తుపాకీతో కోడల్ని కాల్చబోతుంటే మండలి అడ్డుపడి, లైసెన్సు ఇప్పించి, కాల్పించింది.

నోటీసు పట్టుకుని బంట్రోతు రాజాం వచ్చాడు. కరాళకేతుడి వేషం కట్టే తాడ్డి గౌరీశు అక్కడ సంతవీధిలో బట్టలు కుడతాడు. బంట్రోతు కొట్లోకి వచ్చి, “కరాళకేతుడంటే తమరేనా?” అన్నాడు.

“కాదు, నాను గౌరీశుని.”

“అయితే మీకివ్వకూడదు. ఆయన ఎప్పుడొస్తాడు?”

గౌరీశు కాసేపు ఆలోచించి, ట్రంకుపెట్టె తీసి, మీసం అంటించుకుని, కిరీటం పెట్టుకుని మిషను ముందు కూర్చున్నాడు. బంట్రోతు నమస్కారం పెట్టి నోటీసు ఇచ్చి, ‘కరాళకేతుడు’ అని సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే గౌరీశు నోటీసు పట్టుకుని లాయరు పొన్నాడ సుభాషిణి ఇంటికి వెళ్లాడు. సుభాషిణి రాజాం కోర్టులో పంతొమ్మిదేళ్లుగా గట్టు తగాదాలూ మురుగుకాల్వ తగాదాలూ నడుపుతోంది. ఆమె నల్లకోటు కుట్టింది గౌరీశే.

“లాయరమ్మా, నన్ను బతికించీసినారు” అన్నాడు వస్తూనే.

“ఎవరు?”

“ఇదిగో, సదవండి.”

ఆమె చదివింది. తొమ్మిది అభియోగాలు. వాటి కింద మధ్యంతర ఉత్తర్వు: విచారణ ముగియునంతవరకు ప్రతివాది కరాళకేతుని ప్రాణమునకు ఎట్టి హానియు వాటిల్లకుండ యథాతథస్థితి కొనసాగించవలెను.

“కేసు తేలీదాకా నన్ను సంపకూడదంటమ్మా. మార్చి పద్దెనిమిదిన పార్వతీపురంలో పరిషత్తు నాటకం. సావకపోతే నాటకం ఎలా అవుద్ది?”

“చావకుండా పద్యం పాడలేరా?”

గౌరీశు ఆమె వంక చూశాడు. కాజాలు లేకుండా చొక్కా కుట్టమన్న మనిషిని చూసినట్టు చూశాడు.

“సావకుండా సావుపద్యం పాడితే జనం రాళ్లుచ్చుకుంటారు. వాళ్ల తప్పు కూడా కాదది.”

“అయితే ఏమంటారు? జరిమానా పడినా, మందలించినా ఫరవాలేదా?”

“ఏటి సేసినా సేసుకోమనండి. సావొక్కటీ నాకు ఒగ్గీమనండి. నాటకమంతా నాది నవ్వడం, కత్తి దూయడం. నాకంటూ ఉన్నది ఆ నాలుగు పాదాలేనమ్మా. ఆ నాలుగు పాదాల కోసరం ముప్పై ఒక్కేళ్లుగా పన్నెండేసి మందిని సంపుతున్నాను.”

సుభాషిణి ఆ పద్యం ఎప్పుడూ వినలేదు. అడిగింది. గౌరీశు మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి, రాగం లేకుండా, లెక్క చెప్పినట్టు చదివాడు.

చావు నాకేల భయమిచ్చు? చావు చూచి
నవ్వుకొందును గాని, నా నగవు వెనుక
గెలువలేనట్టి కోటలు గేలి సేయ
కన్ను మూసెద నొక్కింత కరుణ లేక.

వంటింట్లోంచి సుభాషిణి తల్లి తొంగిచూసి, “ఎవరు పోయారే?” అంది.

“ఇంకా పోలేదమ్మా, అదే కేసు” అని సుభాషిణి ఫైలు తెరిచింది.

మండలి కార్యాలయం విశాఖపట్నంలో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు. మండలికి కరాళకేతుడు తప్ప గౌరీశు తెలియడు కాబట్టి గౌరీశు వేషంతోనే మెట్లెక్కాడు. రెండో అంతస్తులో మరేదో శాఖ వాళ్లు పనాపి లేచి నిలబడ్డారు.

అధ్యక్షుడు పరాంకుశం తూనికలు, కొలతల శాఖలో రిటైరైన మనిషి. ఆయన పక్కన సభ్య కార్యదర్శి దండిభొట్ల వామనరావు. వామనరావు ఎవరు ఏమన్నా రాసుకుంటాడు. ఎవరూ ఏమీ అనకపోతే అదీ రాసుకుంటాడు.

“విచారణకు ముందు మండలి పరిధి స్పష్టం చేయవలసి ఉంది” అన్నాడు పరాంకుశం. “హత్యలు, అపహరణలు, రాజద్రోహం కథలో భాగం. కథ సాంస్కృతిక శాఖది. వారి పరిధిలో మేము వేలు పెట్టం. మాది ప్రవర్తన. హత్య కథావసరం. హెల్మెట్ ప్రజావసరం.”

“అయితే హెల్మెట్‌తోనే మొదలుపెడదాం సార్” అంది సుభాషిణి.

ఘంటారావం టీవీ ధీరజ్ క్రాంతి ఫిర్యాదుదారు, సాక్షి, నిపుణుడు. మూడు హోదాలకీ మూడు కుర్చీలు వేశారు. ఆయన మధ్యదాంట్లో కూర్చున్నాడు.

“ధీరజ్‌గారూ, గుర్రాన్ని మీరు చూశారా?”

“అంటే... వేదిక మీద గుర్రం ఉండదండీ. ఈయన కళ్లెం పట్టుకున్నట్టు పరిగెత్తుకొస్తాడు. గిట్టల చప్పుడు తబలా మీద వాయిస్తారు.”

“గుర్రం లేదన్నమాట.”

పరాంకుశం చెయ్యెత్తాడు. “గుర్రం కల్పితం. ప్రతివాదీ కల్పితమే. కల్పిత గుర్రం మీద వచ్చు కల్పిత వ్యక్తికి కల్పిత హెల్మెట్ ఉండి తీరాలి.”

“ఉంది సార్. కల్పితం కాబట్టి ధీరజ్‌గారికి కనబడలేదు.”

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వామనరావు అది రాసుకున్నాడు. పరాంకుశం వామనరావు చెవిలో ఏదో అడిగాడు. వామనరావు నియమావళి తిరగేసి తలూపాడు. మొదటి అభియోగం కొట్టేశారు.

విషపాత్ర మీద లేబుల్ గురించి సుభాషిణి సాక్షిని అడిగింది: “లేబుల్ ఉంటే రాజు తాగుతాడా?”

“తాగాలా వద్దా అన్నది రాజుగారి వ్యక్తిగత నిర్ణయం మేడమ్. లోపల ఏముందో తెలుసుకునే హక్కు వినియోగదారుడికి ఉందా లేదా?”

“వినియోగదారుడంటే కొనుక్కున్నవాడు. రాజు కొన్నాడా?”

“లేదు. ఈయనే ఉచితంగా ఇచ్చాడు.”

“ఉచితంగా ఇచ్చినదానికి లేబుల్ ఉండాలని ఎక్కడుంది?”

పరాంకుశం ముందుకు వంగాడు. ఇది ఆయన ముప్పై నాలుగేళ్లు నలిగిన విషయం. “లేదు” అన్నాడు. “ప్యాకు చేసి అమ్మితేనే. విడిగా పోసినదానికి లేదు.”

నవ్వు విషయంలో ఆసుపత్రి ఉన్న మాట నిజమే. అది పశువుల ఆసుపత్రి. ఆ రోజు లోపల రెండు గేదెలున్నాయనీ, రెండూ తెల్లారి మామూలుగా పాలిచ్చాయనీ సుభాషిణి డాక్టరు రాసిచ్చిన కాగితం దాఖలు చేసింది. ఒక్కొక్కటే పోతుంటే గౌరీశు కిరీటం కింద చెమట తుడుచుకుంటూ ఆమె వంక చూసి మురిసిపోయాడు. చివరికి సోడా మిగిలింది.

“చచ్చినవాడు లేచి సోడా తాగాడు. లక్షలమంది చూశారు. సమాజానికి ఇది ఏం సందేశం ఇస్తుంది?” అన్నాడు ధీరజ్.

“అతను చచ్చాడని మీకెలా తెలుసు?”

“పడిపోయాడు కదండీ!”

“మరణ ధ్రువపత్రం చూశారా?”

“నాటకంలో ధ్రువపత్రం ఎవరిస్తారు మేడమ్?”

సుభాషిణి అధ్యక్షుడి వైపు తిరిగింది. “సార్, తమరు సర్వీసులో ఉన్నన్నాళ్లలో, ధ్రువపత్రం లేనివాణ్ణి చచ్చినట్టు ఏ ఆఫీసైనా ఒప్పుకోవడం చూశారా?”

“లేదు” అన్నాడు పరాంకుశం వెంటనే. “మా నాన్నగారి విషయంలోనే ఒప్పుకోలేదు. పదకొండు నెలలు తిరిగాను.”

“ఒప్పుకోనంతకాలం ఆయన రికార్డు ప్రకారం ఉన్నట్టే కదా సార్?”

“ఉన్నట్టే. రేషన్ కూడా ఇచ్చారు.”

“అయితే సోడా తాగింది బతికున్నవాడు.”

వామనరావు కలం ఆగింది. తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ గదిలో అతను కాగితం మీంచి తల ఎత్తడం అదే మొదలు.

తీర్పు మూడు రోజుల్లో వచ్చింది. తొమ్మిది అభియోగాలూ వీగిపోయాయి. తీర్పుతో పాటు చట్రం కట్టిన పత్రం ఒకటి, మీసం, కిరీటం ఉన్న ఫొటోతో. ‘కుంజరదుర్గ వాస్తవ్యులగు శ్రీ కరాళకేతుడు సత్ప్రవర్తన గల పాత్ర అని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ దాని కింద చిన్న అక్షరాల్లో: ‘నియమము 14 ప్రకారము సత్ప్రవర్తన గల పాత్రను కథలో గాని, కథ వెలుపల గాని చంపుట నిషిద్ధము.’

సుభాషిణి ఆ చిన్న అక్షరాలు రెండుసార్లు చదివింది. పంతొమ్మిదేళ్లలో ఆమె ఓడిన కేసులున్నాయి. గెలిచి ఇంత ఇరుక్కున్న కేసు లేదు.

గౌరీశు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

“ఏటమ్మా ఇది? గెలిపించీసి గొంతు కోసీసినారు.”

“కొయ్యలేదు గౌరీశుగారూ. అదే కదా గొడవ.”

“నవ్వకండి. కేసు నడిసినన్నాళ్లూ నెల్లాళ్లో రెణ్ణెల్లో అనీసి ఓపిక పట్టినాను. ఇప్పుడు జన్మకి సావు లేదు. ఈ పటం గోడకెట్టుకోవాలా?”

అక్కడితో ఆగలేదు. ఘంటారావం టీవీ మాట మార్చింది. ‘ఒక సత్ప్రవర్తకుడి మీద ముప్పై ఒక్క ఏళ్ల హత్యాయత్నం’ అని ధీరజ్ క్రాంతి కొత్త చర్చ పెట్టాడు. మణిధరుడు తలుపు కొట్టకుండా కోటలోకి దూకుతాడనీ, ముందస్తు నోటీసు లేకుండా పొడుస్తాడనీ, పొడిచిన కత్తిని కడగకుండా ఒరలో పెడతాడనీ కనిపెట్టాడు. మణిధరుడి వేషం కట్టే డ్రిల్లు మాస్టారు సన్నిబాబు ఇది చూసి గౌరీశు కొట్టుకి వచ్చాడు.

“బావా, నేను నిన్ను పొడవలేను. నాకు పెన్షనుంది.”

“ఒరే, సెక్క కత్తిరా అది.”

“చెక్కైనా అభియోగపత్రంలో కత్తనే రాస్తారు. పైగా నిన్ను చంపితే తప్పని నీ గోడ మీదే ఉంది.”

మార్చి పద్దెనిమిదికి పది రోజులుంది. సుభాషిణి తన క్లయింటు దుర్మార్గుడని రుజువు చేయడానికి పునర్విచారణ పిటిషన్ వేసింది. మండలి చరిత్రలో అలాంటిది లేదు కాబట్టి వెంటనే తేదీ ఇచ్చారు.

“చెప్పండి” అన్నాడు పరాంకుశం. “ప్రతివాది మీద మీ అభ్యంతరమేమిటి?”

“ఇతను దుర్మార్గుడు సార్. రాజును చంపాడు.”

“కథావసరం.”

“అన్నం పెట్టిన గురువును చంపాడు.”

“అమ్మా, పరిధి గురించి మొదటిరోజే మనవి చేశాను.”

“రాజకుమారిని చెరసాలలో పెట్టాడు.”

“పెట్టాడు. మంచినీళ్ల కుండ పెట్టాడా లేదా?”

మొదటి విచారణలో కుండ ఉందని రుజువు చేసి ఆ అభియోగం కొట్టేయించింది సుభాషిణే.

వామనరావు పాత ఫైలు చూసి, “మూతతో సహా పెట్టాడు సార్” అన్నాడు.

“మరింకేం?”

గౌరీశుకి ఓపిక నశించింది. లేచి నిలబడి కత్తి దూశాడు. “చెక్క” అని రాసుకున్నాడు వామనరావు. గౌరీశు నవ్వాడు. నలభై ఒక్క సెకన్లు నవ్వాడు. కింది అంతస్తులో ఏదో గాజుగ్లాసు పగిలింది. నవ్వు ఒంటికి మంచిదని తన డాక్టరు కూడా చెప్పాడన్నాడు పరాంకుశం. గౌరీశు కత్తి మొన అధ్యక్షుడి వైపు తిప్పి, “ఓరీ నరాధమా! నీ పాపపు కుండ నిండినది. నీ తల నా గుర్రపు డెక్కకు బంతి కాగలదు!” అన్నాడు.

పరాంకుశం వామనరావు వంక చూశాడు. “సంభాషణేనా?”

“మూడో రంగం సార్. పదో పేజీ.”

“ఉచ్చారణ బాగుంది. ఒత్తులు ఈ రోజుల్లో ఎవరు పలుకుతున్నారు! భోజన విరామం.”

గౌరీశు మెట్ల మీద కూలబడ్డాడు. కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “సూశారా? పన్నెండుమందిని సంపినోడికి విలువ లేదమ్మా ఈ ఆఫీసులో. ఏటి సేస్తే వీళ్లకి కోపమొస్తాదో?”

సుభాషిణి మూడు అంతస్తులూ దిగింది. రోడ్డు దాటింది. పుస్తకాల కొట్లో ఐదు నిమిషాలు ఉండి తిరిగొచ్చింది.

“గౌరీశుగారూ, మధ్యాహ్నం మళ్లీ హాజరుపట్టీలో సంతకం పెట్టమంటారు. మీ కలం రాయదు. దీంతో పెట్టండి.”

“నా కలం బానే రాస్తాదమ్మా.”

“రాయదు” అంది సుభాషిణి.

మూడు గంటలకు వామనరావు హాజరుపట్టీ ముందుకు జరిపాడు. గౌరీశు వంగి, మీసం పక్కకు తోసుకుని, ‘కరాళకేతుడు’ అని రాశాడు. వామనరావు పట్టీ తీసుకుని చూశాడు. మళ్లీ చూశాడు. లేచి నిలబడి, రెండు చేతులతో పట్టుకుని, అధ్యక్షుడి ముందు పెట్టాడు.

సంతకం పచ్చసిరాతో ఉంది.

పరాంకుశం కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

“తమరు గెజిటెడ్ అధికారులా?”

గౌరీశుకి ప్రశ్న అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అతను కరాళకేతుడి గొంతుతోనే మాట్లాడతాడు. “కుంజరదుర్గ సర్వసేనాధిపతిని!”

“ఏ గెజిట్‌లో ప్రచురించారు?”

కుంజరదుర్గంలో గెజిట్ లేదు. గౌరీశు కిరీటం సర్దుకున్నాడు. సుభాషిణి కిటికీలోంచి రోడ్డు చూస్తోంది.

“పన్నెండు హత్యలు చేశారు. మేము పట్టించుకోలేదు” అన్నాడు పరాంకుశం. “నరాధముడన్నారు. సంతోషించాను. కానీ ఇది... గుమాస్తాగా చేరి ఇరవై రెండేళ్లు నీలం సిరాతో రాశానయ్యా నేను! పచ్చసిరా చేతికొచ్చిన రోజు సింహాచలం వెళ్లి గుండు చేయించుకున్నాను. తమరు ఏ పరీక్ష రాశారు? ఏ సీనియారిటీ జాబితాలో ఉన్నారు? నడిచొచ్చి పెట్టేయడమేనా?”

“తెలియక...” అనబోయాడు గౌరీశు.

“తెలిసే సార్” అంది సుభాషిణి. “నా క్లయింటు పశ్చాత్తాపపడడం లేదు.”

ధీరజ్ క్రాంతి కూడా కుర్చీలోంచి లేచాడు. మూడు హోదాల్లోనూ దిగ్భ్రాంతి వ్యక్తం చేస్తున్నానన్నాడు.

“వామనరావుగారూ! ఆ సత్ప్రవర్తన పత్రం రద్దు. గరిష్ఠ శిక్ష ఏముందో చూడండి.”

వామనరావు నియమావళి చివరి పేజీ దాకా వెళ్లాడు. “కథ నుంచి తొలగింపు సార్. మరణం ద్వారా.”

“రాయండి.”

“ఎన్నిసార్లు సార్?”

“ఏమిటి ఎన్నిసార్లు?”

“పాత రికార్డులో మూడుసార్లు మరణించినట్టుంది. సంఖ్య వేయకపోతే ఆడిట్‌లో అడుగుతారు.”

సుభాషిణి కిటికీ దగ్గరనుంచి ఇవతలికి వచ్చింది. ఒకసారి అని రాస్తే గౌరీశు ఒకసారే పాడాలి. జనం అడిగితే పాడకూడదు. జనం అడిగినా పాడనివాడు ఇక నాటకంలో నటుడే కాడు.

“సార్, సంఖ్య వేయకండి” అంది. “ఒకటి వేస్తే ఇంత నేరానికి ఒక్క చావేనా అని సాయంత్రం చర్చ పెడతారు. మూడు వేస్తే మండలి క్రూరత్వం అని పెడతారు.”

పరాంకుశం ధీరజ్ వంక చూశాడు. ధీరజ్ ఆ రెండు శీర్షికలూ రాసుకుంటున్నాడు.

“నిజమే. అయితే ఎలా?”

“చచ్చాడో లేదో తేల్చడానికి అధికారి ఎవరైనా ఉండాలి కదా సార్. ఆయన తృప్తి పడే వరకు అని రాస్తే సరిపోతుంది.”

పరాంకుశం కళ్లు మూసుకుని చెప్పాడు. వామనరావు రాశాడు. “మార్చి పద్దెనిమిదో తేదీన పార్వతీపురం పరిషత్తు వేదికపై, ప్రతివాదిని, మరణము సంభవించినట్లు సమర్థ అధికారి తృప్తి చెందునంతవరకు చంపవలెను. సమర్థ అధికారిగా సభ్య కార్యదర్శి హాజరు కావలెను. చంపు బాధ్యతను మణిధరుడికి అప్పగించడమైనది. నిరాకరించినచో అతనిపై చర్య తీసుకొనబడును.”

గౌరీశు కిరీటం తీసి, పరాంకుశానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. “బాబూ, మీ రుణం తీర్చుకోలేను” అన్నాడు.

“పశ్చాత్తాపం లేదన్నారు గానీ, ఇంత లేదనుకోలేదు” అన్నాడు పరాంకుశం.

పద్దెనిమిదో తారీఖు సాయంత్రం ఆరింటికి పార్వతీపురంలో తెర లేచింది. పందిట్లో రెండువేల మంది. మరణశిక్ష చూడ్డానికొచ్చిన కొత్తవాళ్లూ ఉన్నారు. ముందు వరసలో వామనరావు, ఒళ్లో ఫైలు, పక్కన సుభాషిణి. ఘంటారావం టీవీ కెమెరా స్తంభానికి కట్టి ఉంది. వామనరావు మొదటి రంగంలో విషపాత్రను, రెండో రంగంలో కుండను తనిఖీ చేసి గీతలు పెట్టుకున్నాడు.

ఆఖరి రంగంలో సన్నిబాబు ఉత్తర్వు నకలు జేబులో పెట్టుకుని ధైర్యంగా పొడిచాడు. గౌరీశు తూలాడు. మోకాళ్ల మీద పడ్డాడు. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. అతను ఎత్తుకున్నాడు.

సుభాషిణికి ఆ నాలుగు పాదాలూ నోటికొచ్చు. వాటిలో ఏముందో ఆమెకు తెలుసుననుకుంది. ‘నా నగవు వెనుక’ అని గౌరీశు గొంతు దిగి, అక్కడే నిలబడి, ‘గెలువలేనట్టి కోటలు’ అని పైకి పోతుంటే తెలియదని తెలిసింది. పందిట్లో విసనకర్రలు ఆగిపోయాయి. ‘కరుణ లేక’ దగ్గర అతను వాలాడు. కాలు ఒకసారి కదిలింది, ఆగింది.

రెండువేల గొంతులు లేచాయి. “వన్స్ మోర్!”

శవం కదల్లేదు. శిక్ష అమల్లో ఉంది. ఒక కన్ను మాత్రం తెరుచుకుని ముందు వరసలో వామనరావును వెతికి, అతని మీద ఆగింది. సన్నిబాబు కత్తి పట్టుకుని అతని వైపే చూస్తున్నాడు. హార్మోనియం ఆయన చూస్తున్నాడు. జనం కూడా సంగతి పోల్చుకుని అటే తిరిగారు. పందిరి సద్దుమణిగింది.

వామనరావు ఫైలు తెరిచి, ‘మరణము సంభవించినట్లు’ అనే గడి దగ్గర కలం ఆనించాడు. రాయలేదు.

“ఏమండీ, తృప్తి చెందారా?” అంది సుభాషిణి మెల్లిగా.

వామనరావు కళ్లజోడు మసకబారి ఉంది.

“మూడో పాదంలో ‘కోటలు’ దగ్గర వెనకాల ఎవరో దగ్గారమ్మా” అన్నాడు. “సరిగా వినకుండా తృప్తి చెందానని ఎలా రాస్తాను? రేపు నన్ను అడిగితే?”

కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని, వేదిక వైపు చూసి, చెయ్యి పైకెత్తి, ‘కానివ్వండి’ అన్నట్టు ఊపాడు.

గౌరీశు లేచి కూర్చుని గొంతు సవరించుకున్నాడు. రెండోసారి చచ్చాక, తన తాళం లెక్క తప్పిపోయిందన్నాడు వామనరావు. మూడోసారి చచ్చాక ఏ కారణమూ చెప్పలేదు. తల అడ్డంగా ఊపాడంతే.